ఇద్దరికి పక్క

వంటింటి బల్ల మీద దారి పటం పరిచి, మూలలు చుట్టుకుపోకుండా కాఫీ కప్పులు బరువు పెట్టి, పెన్సిలుతో ఆఖరి గీత గీస్తున్న ఒలాయా దగ్గర మనం పోయినవారం ఆగాం. ఆ గీత వాళ్ళ గుమ్మంలో మొదలై, బీడు మైదానం దాటి, గాలిమరల కొండ ఎక్కి దిగి, సముద్రం అంచున తెయిషీదోలో పునీత అంద్రెయ గుడి దగ్గర ముగుస్తుంది. రేపు తెల్లవారగానే బయలుదేరాలి. ఒంటరిగా. కాదు, తండ్రితో.

తండ్రి ఎలాదియో పోయిన చలికాలంలో చనిపోయాడు. చివరి రోజుల్లో ఒకసారి ఒలాయా మణికట్టు పట్టుకుని, "ఒలాయా మొక్కు ఉండిపోయింది. తెయిషీదో దాకా నడిచే వెళ్ళాలి," అన్నాడు. 'నీ మొక్కు' అనకుండా పేరు పెట్టి అన్నాడేమిటా అని ఆమెకి అప్పుడే అనిపించింది. జ్వరంలో ఉన్న మనిషి కదా అని సరిపెట్టుకుంది. మొక్కు సంగతి ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పెద్దవాళ్ళ మాటల్లోంచి ఏరుకుంది. ఒలాయాకి నాలుగేళ్ళప్పుడు గొంతు వాచి ఊపిరి ఆడలేదని, బతికితే నడిపించుకుంటూ తీసుకొస్తానని తండ్రి పునీతుడికి మొక్కాడని. "అవునా నాన్నా?" అని అడిగితే ఆయన తల నిమిరాడు. ఆ నిమరడాన్నే ఆమె అవును అనుకుంది.

ఒలాయా చుట్టుపక్కల పల్లెలకి రొట్టెల బండి నడుపుతుంది. తారు రోడ్డు మలుపులన్నీ ఆమెకి కంఠతా వచ్చు. కానీ కాలిబాట వేరే లోకం. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో, ఎక్కడ వాగు దాటాలో, ఎక్కడ తల దాచుకోవాలో అడిగి అడిగి తెలుసుకుంది. గాలిమరల కొండ దిగాక పొద్దు ఉండగా చేరగలిగిన పల్లె ఒక్కటే ఉంది. అక్కడ ఊట పక్కన ఇంట్లో ఒకావిడ యాత్రికులకి పడక ఇస్తుందని పిండి మర దగ్గర ఎవరో చెబితే నిన్న ఫోన్ చేసింది. ఒక్కదాన్నే వస్తానంది. పేరు అడిగితే చెప్పింది. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత ముసలి గొంతు, "రా తల్లీ. ఇద్దరికి పక్క వేస్తాను," అంది. "ఒక్కదాన్నేనండీ" అనేలోపు ఫోన్ పెట్టేసింది. చెవుడు కాబోలు అనుకుని ఒలాయా నవ్వుకుంది.

ఇక ఒక్క పని మిగిలింది. నాన్నని పిలవడం.

బతికుండగా తెయిషీదో వెళ్ళని మనిషిని చనిపోయాక ఇంటివాళ్ళే తీసుకెళ్ళాలి. ముందురోజు సమాధి దగ్గరికి వెళ్ళి, పేరు పెట్టి, గట్టిగా పిలవాలి. పిలవనిదే రారు. పిలిచాక దారి పొడుగునా పక్కనే ఉన్నట్టు మాట్లాడుతూ ఉండాలి. తినేచోట వాళ్ళకో పళ్ళెం పెట్టాలి. దారిలో తొండ అడ్డం వచ్చినా పురుగు అడ్డం వచ్చినా తొక్కకూడదు, ఎవరి ఆత్మ అలా నడుస్తోందో ఎవరికి తెలుసు. అన్నిటికంటే ముఖ్యం, పిలిచిన మనిషిని గుడి దాకా చేర్చాలి. మధ్యలో వదిలేసి రాకూడదు.

ఈ చివరి నియమం దగ్గరికి వచ్చేసరికి మేనత్త బాల్బినా వేలు పైకెత్తుతుంది. ఆ ఉదయం కూడా ఎత్తింది.

"వినబడిందా? కాళ్ళు నొప్పులని మధ్యలో బస్సెక్కావనుకో, మీ నాన్నకీ టికెట్ తీయాలి. కిటికీ పక్కన కూర్చోబెట్టు. లేకపోతే మా అన్నయ్యకి కడుపులో తిప్పుతుంది."

"చచ్చాక కూడానా అత్తా?"

"చచ్చినంత మాత్రాన మనిషి గుణం మారుతుందా ఏంటి!"

ఒలాయా పకపకా నవ్వింది. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని బంగాళదుంపలు చెక్కుతున్న తల్లి ఎర్మితాస్ నవ్వలేదు.

"ఆవు ఈనేలా ఉంది," అంది తల ఎత్తకుండా.

"మొన్న వానన్నావు. నిన్న మోకాళ్ళన్నావు. ఇవాళ ఆవా?" అంది ఒలాయా. "నడిచేది నేను కదమ్మా. నీ మోకాళ్ళకి వచ్చిన కష్టం ఏముంది?"

"రోజంతా బండిలో తిరిగేదానివి. నీకు నడకేంటి?"

"వెళ్ళనీ వదినా," అంది బాల్బినా. "ఆ సీట్లో కూర్చుని కూర్చుని దీని నడుం కుర్చీలా వంగిపోయింది. ఒక్కటి గుర్తుంచుకోవే, అలవాటు కొద్దీ పల్లె రాగానే నోటితో హారన్ కొట్టకు. ముసలాళ్ళందరూ రొట్టెల కోసం సంచులు పట్టుకుని బయటికొస్తారు."

సమాధుల తోటకి తాను రానని ఎర్మితాస్ ముందే చెప్పింది. కూతురు పిలుస్తుంది కదా, చాలు అంది. ఒలాయా, బాల్బినా గేటు దాకా వెళ్ళాక వెనక తలుపు చప్పుడైంది. నల్ల శాలువా భుజాన వేసుకుని ఎర్మితాస్ వస్తోంది. చేతులకి దుంపల తడి ఇంకా ఆరలేదు.

సమాధుల తోట చర్చి వెనక ఉంది. గోడలో వరసలు వరసలుగా అరలు, ఒక్కో అర నోటికీ ఒక్కో రాతి పలక. ఎలాదియో అర అన్నిటికంటే కింది వరసలో ఉంది. బాల్బినా ఎండిన డాలియా పూలు తీసేసి, రేకు డబ్బాలో తెచ్చిన నీళ్ళతో పలక తుడిచింది. పలక మీద ఒక్క పేరే చెక్కి ఉంది.

"కానీ," అంది బాల్బినా. "సిగ్గుపడుతూ గొణక్కు. ఆయనకి కుడి చెవి సరిగ్గా వినబడదు."

ఒలాయా వంగి వేలి కణుపుతో పలక మీద తట్టింది. తనకే వింతగా అనిపించింది. అయినా గట్టిగానే పిలిచింది. "నాన్నా, ఎలాదియో! రేపు తెయిషీదో వెళ్తున్నాం. నీ మొక్కు తీర్చడానికే. నాతో రా. నడిచే వెళ్దాం. నెమ్మదిగానే నడుస్తాలే."

గోడ మీద ఎండ పడుతోంది. పక్క వీధిలో ఎవరో ట్రాక్టరు తిప్పుతున్నారు. ఒలాయా లేచి, కళ్ళు తుడుచుకుని, వెళ్దామా అన్నట్టు చూసింది.

అప్పుడు ఎర్మితాస్ ముందుకి వచ్చింది. శాలువా సర్దుకుని, గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ మోకాళ్ళు మడిచి ఆమె నేల మీద కూర్చోవడం ఒలాయా ఈ మధ్య చూడలేదు. పలక కింది అంచున, నేలకి దగ్గరగా, మెల్లగా తట్టింది. నిద్రపోతున్న పసిపిల్లని లేపేటప్పటి గొంతుతో పిలిచింది.

"ఒలాయా..."

"ఆఁ," అంది ఒలాయా అలవాటుగా.

"లే తల్లీ. రేపు నాన్న వెళ్ళిపోతున్నాడు. నువ్వొక్కదానివే ఉండిపోకు. నువ్వూ వెళ్ళు. చెప్పులు తొడుక్కో, దారంతా రాళ్ళు."

'ఆఁ' అన్నాక కానీ అమ్మ మాట్లాడుతున్నది పలకతోనని ఒలాయాకి తట్టలేదు. బాల్బినా చేతిలోంచి రేకు డబ్బా జారి రాళ్ళ మీద దొర్లింది.

బతికున్న మనిషి పేరు సమాధి దగ్గర పిలవడం ఎంత అపశకునమో ఆ ఊళ్ళో పసివాళ్ళకి కూడా తెలుసు. అమ్మకి మతి తప్పుతోంది, నాన్న పోయిన దిగులుకి తప్పిపోయింది, డాక్టరుకి చూపించాలి. ఇవన్నీ ఒక్క క్షణంలో ఒలాయా మనసులో తిరిగాయి. మేనత్త వైపు చూసింది. మామూలుగా అయితే బాల్బినా ఈపాటికి శిలువ గుర్తు వేసుకుని, మూడుసార్లు ఉమ్మేసి, వదినని నాలుగు దులపాలి. ఆమె అవేవీ చేయలేదు. తడిగుడ్డ రెండు చేతుల్తో పిండుతూ నిలబడింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. ఒలాయాకి అసలు భయం అప్పుడు వేసింది.

"అమ్మా, నేనిక్కడ ఉన్నాను. వెనక్కి చూడు."

"నువ్వక్కడ ఉన్నావని నాకు తెలుసు," అంది ఎర్మితాస్ తల తిప్పకుండా.

"మరి ఎవర్ని పిలిచావు?"

"వదినా, వద్దు," అంది బాల్బినా. "అన్నయ్య పోయేదాకా దాచాం. మనం పోయేదాకా దాచలేమా?"

"ఆయన్ని పిలిచేసింది కదే!" ఎర్మితాస్ గొంతు పగిలింది. "రేపు ఆయన లేచి వెళ్ళిపోతే ఈ రాయి వెనక అదొక్కతే కదా ఉండాలి? చీకటంటే భయం దానికి. నీకు మాత్రం తెలియదూ?"

"ఎవరికి?" అంది ఒలాయా. "ఎవరికి భయం?"

బాల్బినా ఒంగి దొర్లిన డబ్బా తీసింది. దాని చొట్ట చూస్తూ, ఒలాయాని చూడకుండా చెప్పింది.

"ఈ అరలో మొదట పెట్టింది మీ నాన్నని కాదే. మీరు కొండమీది ఊరు వదిలి ఇక్కడికి దిగినప్పుడు ఆయన సామానుతో పాటు, అక్కడి సమాధిలోంచి తీయించిన ఎముకలతో ఒక పెట్టె తెచ్చాడు. ఇంత. చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దది. చర్చి గురువుగారితో మాట్లాడి ఇందులో పెట్టించాడు. పేరు మాత్రం చెక్కించవద్దన్నాడు."

"ఏ పేరు?"

"ఏ పేరో ఇప్పుడే విన్నావుగా."

ఒలాయా గోడకి చెయ్యి ఆనించింది. రాయి ఎండకి వేడెక్కి ఉంది. అరచేతికి వేడి తెలుస్తోంది, కానీ ఆ చెయ్యి తనది కానట్టుంది.

"నాకంటే ముందు ఇంకో పిల్ల ఉందా? నా పేరుతో?"

"దాని పేరుతో నువ్వున్నావు," అంది ఎర్మితాస్.

"గొంతు వాచింది..."

"దానికి. నాలుగేళ్ళు. మొక్కిన మర్నాడే పోయింది."

"హాల్లో ఫోటో ఉంది కదా. ఎర్ర స్వెటరు వేసుకుని, నల్ల కుక్క మెడ పట్టుకుని..."

"అది నువ్వు కాదు."

"ఆ కుక్క నాకు గుర్తుందమ్మా!" ఒలాయా అరిచినంత పని చేసింది. "నా చెయ్యి నాకేది. దాని నాలుక గరుగ్గా ఉండేది. ఆ స్వెటరు మెడ దగ్గర దురద పెట్టేది. నాకు గుర్తుంది!"

"నువ్వు మా ఇంటికి వచ్చేసరికే ఆ కుక్క చచ్చిపోయింది," అంది ఎర్మితాస్.

ట్రాక్టరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒలాయాకి ఆ మాట మళ్ళీ వినబడింది. ఇంటికి వచ్చేసరికి.

ఆమె నెమ్మదిగా తల్లి పక్కన నేల మీద కూర్చుంది.

"నేనెక్కడి నుంచి వచ్చాను?"

ఎర్మితాస్ పలకనే చూస్తూ, ఎవరికో బాకీ అప్పజెబుతున్నట్టు, ఏడవకుండా చెప్పింది.

"అది పోయిన మరుసటి సెప్టెంబరులో మీ నాన్న దాన్ని పిలిచాడు. బతికున్న పిల్లని నడిపిస్తానని మొక్కాను, చచ్చిన పిల్లనైనా నడిపిస్తాను అన్నాడు. నేను వెళ్ళలేదు. నా బిడ్డని కాపాడని పునీతుడి మొహం చూడనన్నాను. ఆయనొక్కడే వెళ్ళాడు. దారంతా దానితో మాట్లాడుతూ వెళ్ళాడట. వాగు దగ్గర ఎత్తుకున్నట్టు చేతులు పెట్టుకుని దాటాడట. గాలిమరల కొండ దిగాక వాన పట్టుకుంది. ఊట పక్కన ఒక ఇంట్లో తలదాచుకున్నాడు. ఆ ఇంట్లో ఒక పిల్ల, పెళ్ళి కాలేదు, చంకలో రోజుల బిడ్డ. ఆయనకి భోజనం పెట్టింది. పక్కన ఇంకో పళ్ళెం అడిగాడు. ఎవరికని అడిగింది. చెప్పాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. పొద్దున్నే ఆవిడ ఆ బిడ్డని తెచ్చి మీ నాన్న చేతుల్లో పెట్టింది. ఇంట్లో వాళ్ళు దాన్ని ఉంచనివ్వరంది. నీ పక్కన ఖాళీయే నడుస్తోంది కదా, దీన్ని తీసుకో అంది." ఎర్మితాస్ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని తీసింది. "వానలో పసిగుడ్డుతో సముద్రం దాకా ఎలా వెళ్తాడు? వెనక్కి తిరిగి వచ్చేశాడు. గుమ్మంలో ఆయన చేతుల్లో బిడ్డ కనబడేసరికి నా నోట్లోంచి ఆ పేరే వచ్చింది. ఇంక మార్చలేదు. ఊరంతా చెవులు కొరుక్కుంటోందని కొండ దిగి ఇక్కడికి వచ్చేశాం."

బాల్బినా ఉండబట్టలేకపోయింది. "పిలిచిన పిల్లని దారిలో వదిలేసి, పిలవని పిల్లని ఇంటికి తెచ్చాడు. అప్పటికీ నేను చెప్పాను, మళ్ళీ వెళ్ళి దాన్ని గుడిలో దింపి రా అన్నయ్యా అని. ఏటా చెప్పాను."

"నేను పోనివ్వలేదు," అంది ఎర్మితాస్.

"ఎందుకు?" అంది ఒలాయా. తన గొంతు తనకే దూరం నుంచి వినబడింది.

తల్లి మొదటిసారి ఆమె వైపు తిరిగింది. ఆవు, మోకాళ్ళు, వాన, ఈ వారాలన్నీ ఆమె అడ్డం పెట్టినవన్నీ ఆ మొహంలో ఒక్కటే అయ్యాయి.

"వెళ్తే ఆవిడ కనబడుతుంది. కనబడితే నిన్ను వెనక్కి అడుగుతుంది. నువ్వు నా పాలు తాగలేదు. ఏ హక్కుతో ఇవ్వనంటాను? అందుకే నా పిల్లని దారిలోనే వదిలేశాను. నీ కోసం. తెలిసే వదిలేశాను. నువ్వు బండెక్కి వెళ్ళాక రోజూ ఇక్కడికి వచ్చి, ఒకవేళ తిరిగొచ్చేసిందేమోనని పలక తట్టి చూసి వెళ్తాను. అది ఒక్కసారీ పలకలేదు. ఇవాళ పలికింది అనుకున్నాను. పలికింది నువ్వు."

ఒలాయా ఆమె చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోలేక, తన చేతిని తన ఒళ్ళోకి వెనక్కి తీసుకుంది. ఇన్నాళ్ళూ తాను బతికి బయటపడ్డ పిల్లననుకుంది. పునీతుడు ప్రత్యేకంగా కనిపెట్టి చూసిన పిల్లననుకుంది. బండి జారి లోయ అంచున ఆగిన రోజు కూడా భయపడలేదు, నాకేం కాదు, నా మీద మొక్కు ఉంది అనుకుంది. ఆ మొక్కు వేరే పిల్లది. పేరు వేరే పిల్లది. కుక్క కూడా.

అప్పుడు ఇంకో సంగతి ఆమెకి తట్టింది.

"అమ్మా, గాలిమరల కొండ దిగాక అన్నావు. ఊట పక్కన ఇల్లు. ఆ ఊరు ఫొంతేలానా?"

ఎర్మితాస్ పెదాలు కదిలాయి. "ఆ పేరు మేం ఇంట్లో ఎప్పుడూ అనలేదు. నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కొండ దిగాక ఇంకో ఊరు లేదు. ఆ రాత్రికి నేను పడుకునేది అక్కడే. నిన్న ఫోన్ చేశాను."

"ఎవరెత్తారు?"

"ముసలావిడ. పేరు అడిగింది, చెప్పాను."

"ఏమంది?"

"ఒక్కదాన్నే వస్తానన్నాను," అంది ఒలాయా. "రా తల్లీ, ఇద్దరికి పక్క వేస్తాను అంది."

బాల్బినా అప్పుడు వేసుకుంది శిలువ గుర్తు.

దూరంగా చర్చి తలుపు ఎవరో తెరిచి మూశారు. ఎర్మితాస్ మొహంలో ఏదో బిగువు మెల్లగా వదిలింది, ఏడుస్తుందేమో అనిపించింది. ఏడవలేదు.

"అయితే అది అక్కడే ఉంది," అంది. "ఇన్నాళ్ళూ ఆవిడే దానికి పక్క వేస్తోంది."

గోడ పట్టుకుని లేవబోయింది. ఒలాయా జబ్బ ఆసరా ఇవ్వడానికి చేయి చాపి, మధ్యలో ఆపేసి, మళ్ళీ చాపింది. ఎర్మితాస్ ఆ చెయ్యి పట్టుకునే లేచింది.

"మీ నాన్న బూట్లు ఎక్కడ పెట్టావు?"

"అటక మీద. ఎందుకు?"

"వాచిన పాదాలకి నా చెప్పులు పట్టవు. ఆయనవైతే సరిపోతాయి."

"వదినా, నీకేమైనా పిచ్చా!" అంది బాల్బినా. "కోళ్ళ గూటి దాకా నడవడానికి గోడలు పట్టుకుంటావు. పైగా ఆవు ఈనేలా ఉందన్నావు!"

"ఆవుని నువ్వు చూసుకో."

"నేనా? నాకు ఆవు దగ్గరికి వెళ్తేనే..."

ఎర్మితాస్ వినలేదు. శాలువాకి అంటిన మట్టి దులుపుకుంది. పలక వైపు ఇంకోసారి చూసింది కానీ తట్టలేదు. గేటు వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"ఫొంతేలా గుమ్మం దాకా నేనూ నడుస్తాను ఒలాయా. నా పిల్లని నేను తీసుకుని, ఆ గుడి దాకా నేనే చేరుస్తాను." శాలువా బిగించుకుంది. "నిన్ను మీ నాన్న చేతుల్లో పెట్టి పంపిన మనిషి ఆ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. అక్కడి నుంచి ఎవరితో నడుస్తావో, అసలు వెనక్కి వస్తావో రావో, అది నీ ఇష్టం."